ముందు చక్రాన్ని పట్టుకున్నదేమిటి?

రెండు మూడు నెలలకోసారి మన పత్రికల్లో ఒక ఫొటో వస్తుంది. తానే తయారు చేసిన కారులో ఒక ఊరి కుర్రాడు కూర్చుని ఉంటాడు. పక్కన తండ్రి, వెనక స్నేహితులు, వాళ్ల వెనక పశువుల పాక. ఖర్చెంతయింది, ఎన్నాళ్లు పట్టింది, ఒకసారి చార్జింగు పెడితే ఎంత దూరం పోతుంది అన్నవి కింద రాస్తారు. ఆ వార్తలంటే నాకు చాలా ఇష్టం. కత్తిరించి షాపు గోడకు అంటిస్తాను. అంటించే ముందు భూతద్దం పెట్టి ఒక్క చోటు వెతుకుతాను. అది ముందు చక్రం లోపలి వైపు. చాలా ఫొటోల్లో అక్కడ నీడ తప్ప ఏమీ కనిపించదు. వార్తలో కూడా ఆ చోటు గురించి ఒక్క ముక్క ఉండదు.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లుగా లేత్ షాపు నడుపుతున్నాను. అంతకుముందు ఆరేళ్లు ఇక్కడే ఒక షెడ్డులో పని నేర్చుకున్నాను. లారీ హబ్బులు, ట్రాక్టరు ట్రక్కు ఇరుసులు, జీపు స్టబ్బులు, ఇప్పుడు ఇంజనీరింగు కాలేజీ పిల్లల రేసు బండ్లు, అన్నీ నా చేతుల మీదుగా వెళ్లాయి. సొంతంగా కారు తయారు చేసుకోవాలనుకునే వాళ్లు నా దగ్గరికి ఎక్కువగా ఇంజన్ గురించో మోటారు గురించో అడగడానికి వస్తారు. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ముక్క గురించీ, దానిలోని బేరింగుల గురించీ అడిగే వాళ్లు తక్కువ. ఆ ఎంపిక అన్నిటికన్నా ముందు జరగాలని నా గట్టి అభిప్రాయం. ఇంజన్ ఆగిపోతే బండి రోడ్డు పక్కన నిలబడుతుంది. ముందు చక్రం ఊడితే బండి ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

మా తాత వడ్రంగి. ఎడ్లబండి చక్రాలు చేసేవాడు. బండికి ఇరుసు ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా ఒకే దుంగగానో, ఒకే కడ్డీగానో ఉంటుంది. చివర చీల కొడితే చక్రం బయటికి రాదు. బండి తిరగాలంటే ఎడ్లు కాడిని తిప్పుతాయి, ఇరుసు దానితోపాటు తిరుగుతుంది. కారు ముందు చక్రానికి ఆ సుఖం లేదు. అది గుంటలో పడి పైకి లేవాలి, స్టీరింగు తిప్పితే పక్కకు తిరగాలి, బ్రేకు వేస్తే ఆగాలి, మలుపులో పక్కకు నెట్టే బలాన్ని తట్టుకోవాలి. ఇన్ని పనులూ అరచేయంత ఇనుప ముక్క ఒకటి చేస్తుంది. మా దగ్గర దాన్ని నకిల్ అంటాం. ఇంగ్లీషు పుస్తకాల్లో అప్‌రైట్ అని రాసి ఉంటుంది. దాని పైభాగం షాకప్‌కి బిగిస్తారు, కింద బాల్ జాయింట్ ఉంటుంది, ఒక పక్కన చెవిలాంటి దానికి స్టీరింగు రాడ్డు తగులుతుంది, ఇంకో పక్క బ్రేకు కాలిపర్. నడుమ ఉన్న గుండ్రటి బోరులో బేరింగు కూర్చుంటుంది. ఆ బేరింగులో హబ్బు, హబ్బుకి చక్రం. డ్రైవరు ప్రాణం ఆ వరుస మీద ఆధారపడి ఉంటుంది.

ఫొటోల్లో నేను ఎక్కువగా చూసేవి మోటారుసైకిలు చక్రాలు. చౌకగా దొరుకుతాయి, తేలిగ్గా ఉంటాయి, చూడ్డానికి కూడా బాగుంటాయి. కానీ మోటారుసైకిలు చక్రం పుట్టిందే వేరే పనికి. దాని యాక్సిల్‌ను ఫోర్కు రెండు వైపులా పట్టుకుంటుంది. మలుపులో బండి, మనిషి, చక్రం అన్నీ కలిసి ఒరుగుతాయి. అందువల్ల బలం ఇంచుమించు చక్రం తలంలోనే పోతుంది, పక్కకు విరిచే బలం చాలా తక్కువ. అదే చక్రాన్ని నాలుగు చక్రాల బండికి పెట్టినప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. యాక్సిల్‌ను ఒక పక్క నుంచే పట్టుకోవాల్సి వస్తుంది, గోడలోకి దిగ్గొట్టిన మేకు లాగా. బండి ఒరగదు కాబట్టి మలుపులో నేల చక్రాన్ని కింది నుంచి పక్కకు నెడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఇద్దరు కూర్చుంటే మొత్తం 500 కిలోలయ్యే చిన్న బండి అనుకోండి. గట్టి మలుపులో బయటి వైపు ముందు చక్రం మీద 200 కిలోల దాకా పడుతుంది. అప్పుడు టైరు దగ్గర పక్కకు నెట్టే బలం 150 కిలోలు అనుకుందాం. చక్రం సగం ఎత్తు 30 సెంటీమీటర్లు. 150ని 30తో గుణిస్తే 4,500. హబ్బులో రెండు బేరింగుల మధ్య దూరం 6 సెంటీమీటర్లైతే, దానితో భాగించండి. ఒక్కో బేరింగు మీద 750 కిలోలు. మోటారుసైకిలు ముందు చక్రాల్లో తరచుగా కనిపించే 6301 బేరింగు కేటలాగు తెరిచి చూస్తే, కదలకుండా ఉన్నప్పుడు అది మోయగల బరువు సుమారు 420 కిలోలని రాసి ఉంటుంది. గుంట దెబ్బను నేనింకా లెక్కలో వేయలేదు. ఆ బేరింగు వెంటనే పగలకపోవచ్చు. మొదట గుండ్లు దొర్లే రింగు, అంటే రేసు మీద సన్నటి గుంటలు పడతాయి, తర్వాత గరగర, తర్వాత ఊగిసలాట. ఆ గరగర వినిపించినప్పుడు బండి చేసినవాడు మోటారు శబ్దం అనుకుంటాడు.

పై లెక్కలో ఇంకో సంగతి ఉంది. బేరింగుల మధ్య దూరం 6 నుంచి 3కి తగ్గితే ఒక్కోదాని మీద బలం రెట్టింపవుతుంది. బాల్ బేరింగు మీద బలం రెట్టింపైతే దాని ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బేరింగు శాస్త్రంలో ఇది పాత లెక్క, ఏ కేటలాగులోనైనా కనిపిస్తుంది. అందుకే ఖాళీ ఉన్నంత మేర బేరింగులను దూరంగా పెట్టమని చెబుతాను. కుదరకపోతే టేపర్ రోలరు వాడమంటాను. 6205 అనే బాల్ బేరింగుకీ, 30205 అనే టేపర్ రోలరుకీ లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లే, బయటి కొలత కూడా 52 మిల్లీమీటర్లే. కానీ రోలరు మోసే బలం బాల్ బేరింగు కంటే రెట్టింపుకు మించి ఉంటుంది, పక్క బలానికి కూడా నిలుస్తుంది. అన్నట్టు, నంబరులో చివరి రెండు అంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, 04 నుంచి పైకి. చాలామంది డిప్లొమా పిల్లలకు ఈ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

మరి ఏం వాడాలి? కంపెనీ కారు నకిల్‌ను హబ్బుతో, బేరింగుతో, బ్రేకుతో సహా ఒకే సెట్టుగా తీసుకోవాలి. మీరు చేసే బండి ఆ కారు కంటే బరువు తక్కువ ఉండాలి. ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ కాలేజీ పిల్లలు ఎక్కువగా వాడేది మారుతి 800 నకిల్. మంచి ఎంపికే. 1983 డిసెంబరులో మొదటి కారు రోడ్డెక్కిన నాటి నుంచి 2014లో తయారీ ఆగేదాకా దాదాపు అదే అమరిక. తుక్కు దుకాణాల్లో దొరుకుతుంది, సామానుకు కొదవ లేదు. సుమారు 650 కిలోల కారును, దానిలో అయిదారుగురు మనుషులను మన గుంటల రోడ్ల మీద ముప్పై ఏళ్లు మోసిన ముక్క అది. ఏ కాలేజీ లాబులో చేసే పరీక్షా అంతటి పరీక్ష కాదు.

ఇది పేదవాళ్ల సర్దుబాటు అని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ అనే ఆయన లోటస్ కంపెనీ పెట్టి, కారులో ప్రతి గ్రాము బరువు తగ్గించడానికి జీవితమంతా తాపత్రయపడ్డాడు. ఆయన 1962లో తెచ్చిన లోటస్ ఎలాన్ దాదాపు 700 కిలోల కారు, రోడ్డు మీద బాగా తిరిగే కార్ల పేర్లు చెప్పమంటే ఇప్పటికీ దాని పేరు చెబుతారు. దాని ముందు అప్‌రైట్లు ఆయన కొత్తగా పోతపోయించలేదు. ట్రయంఫ్ హెరాల్డ్ అనే మామూలు కుటుంబపు కారు వంశంలోవి తెచ్చి పెట్టాడు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన తక్కువ ఖర్చుతో ఇంట్లో స్పోర్ట్స్ కారు చేసుకోవడం గురించి పుస్తకం రాస్తే, దాన్ని చూసి చాలామంది బండ్లు కట్టుకున్నారు. వాళ్లు కూడా ముందు భాగానికి ఫోర్డ్ కార్టినా అప్‌రైట్ల కోసం తుక్కు దుకాణాలు గాలించారు. మన పక్కనే కోయంబత్తూరులో కరివర్ధన్ మారుతి ఇంజను పెట్టి ఒంటి సీటు రేసు కార్లు తయారు చేశారు. దొరికే సామానుతోనే పని మొదలుపెట్టడం ఈ విద్యలో ఉన్న పద్ధతి. తెలివి ఉన్నది ఏ సామాను తీసుకోవాలో తెలుసుకోవడంలో.

అయితే కంపెనీ ముక్క తెచ్చుకున్నంత మాత్రాన సరిపోదు. దాని నియమం తెలియాలి. ఆ ట్రయంఫ్ అప్‌రైటు కింద ఇత్తడి ట్రనియన్ ఒకటి ఉంటుంది, మరలతో అప్‌రైటుకు ఎక్కుతుంది. దానిలో గేరు ఆయిలు పోయాలని కంపెనీ చెప్పింది. గ్రీజు కొట్టినచోట, పట్టించుకోకుండా వదిలేసినచోట, మరల్లోకి నూనె చేరక, నీళ్లు దిగి, ఉక్కు తుప్పు పట్టి, ఒకరోజు ఆ మరల దగ్గరే విరిగి చక్రం మడత పడుతుంది. ముక్క మంచిదే. తెచ్చుకున్నవాడు దానితోపాటు దాని మాన్యువల్ తెచ్చుకోలేదు.

మూడేళ్ల కింద మా షాపులో ఇలాంటిదే జరిగింది. మధ్యాహ్నం రెండింటికి, మంచి ఎండలో, ఒక ట్రాలీ ఆటోలో చిన్న బగ్గీని ఎక్కించుకుని నలుగురు పిల్లలు వచ్చారు. మట్టి రోడ్ల పోటీకి వెళ్లే బండి. 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలై ఏటా జరుగుతున్న బాహా పోటీ కోసం మన కాలేజీలు తయారు చేసే రకం. ఇంజన్ వెనక, డ్రైవు వెనక చక్రాలకే. ముందు మాత్రం మారుతి నకిళ్లు. ఆ జట్టుకు నాయకురాలు ఒక అమ్మాయి, మూడో సంవత్సరం చదువుతోంది. చేతి మీద వెల్డింగు మచ్చలు. కాలేజీ మైదానంలో రెండు చుట్లు తిరిగేసరికి ముందు ఎడమ చక్రం ఊగుతోందని చెప్పింది.

జాకీ పెట్టి చక్రం లేపాను. గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపాను. టకటక. తొమ్మిది, మూడు దగ్గర పట్టుకుని ఊపినా అదే టకటక. తొమ్మిది–మూడు దగ్గరే ఉంటే స్టీరింగు రాడ్డు చివర అరుగుదల అనుకోవచ్చు. రెండు చోట్లా ఉందంటే బేరింగే. చక్రం విప్పి హబ్బు మధ్యన చూశాను. ప్లాస్టిక్ మూత ఒకటి నొక్కి పెట్టారు. మూత తీస్తే లోపల ఖాళీ.

"షాఫ్టు ఏదమ్మా?" అని అడిగాను.

"ముందు చక్రాలకు డ్రైవు లేదు కదా అంకుల్, అనవసరపు బరువని తీసేశాం" అంది.

ఆమె తర్కంలో తప్పు లేదు. ఆమెకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ముందు చక్రాలకు డ్రైవు ఉన్న ఇలాంటి కార్లలో, హబ్బు చిన్న గొట్టంలా బేరింగు లోపలికి దిగుతుంది. ఆ గొట్టంలోంచి డ్రైవ్ షాఫ్టు కొన బయటికి వస్తుంది, దాని మీద పెద్ద నట్టు పడుతుంది. ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చడమే షాఫ్టు పనని అందరూ అనుకుంటారు. దానికి ఇంకో పని కూడా ఉంది. లోపలి పక్క షాఫ్టు భుజం, బయటి పక్క నట్టు, రెండూ కలిసి బేరింగు లోపలి రింగులను, హబ్బును ఒక్క కట్టుగా బిగించి ఉంచుతాయి. షాఫ్టు తీసేస్తే ఆ కట్టు విడిపోతుంది. హబ్బు బేరింగులో బిగుతుగా కూర్చుని ఉందన్న ఒక్క ఆధారంతో చక్రం వేలాడుతుంది. ప్రతి మలుపూ దాన్ని కొంచెం బయటికి లాగుతుంది. స్కేలు పెట్టి చూపించాను. ఆ చక్రం అప్పటికే మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చింది.

ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంకుల్, నిన్న దీన్ని నడిపింది మా తమ్ముడు" అంది.

ఆ సాయంత్రమే పాత డ్రైవ్ షాఫ్టులు రెండు తుక్కు దుకాణం నుంచి తెప్పించాను. చక్రం వైపు జాయింటును విప్పి, లోపలి గుండ్లు, పంజరం తీసేసి, కప్పు, దాని ముందున్న పళ్ల కొన మాత్రం ఉంచుకున్నాం. కప్పు గట్టి ఉక్కు, మామూలు టూలు నిలవదు. కార్బైడు ముక్క పెట్టి నెమ్మదిగా లేత్ మీద దాని అంచు తగ్గించాను, భుజం మాత్రం ముట్టుకోలేదు. కొత్త బేరింగులు తెప్పించి ప్రెస్సు మీద దింపాం. కొన హబ్బులోంచి పోనిచ్చి, కంపెనీ వాషరు, కంపెనీ నట్టు వేసి, మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించి, స్ప్లిట్ పిన్ను పెట్టాం. ఒక్కో పక్క కిలో పైచిలుకు బరువు పెరిగింది. ఆ కిలో గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

కొత్త బేరింగులు ఎందుకని ఒక అబ్బాయి అడిగాడు, పాతవి తిప్పితే బాగానే తిరుగుతున్నాయి కదా అని. హబ్బును బేరింగులోంచి లాగేటప్పుడు ఆ బలమంతా గుండ్ల మీదుగా పోయి రేసు మీద గుంటలు చేస్తుంది. కంటికి కనిపించకపోవచ్చు. అందుకే ఒకసారి ఊడదీసిన బేరింగును మళ్లీ వేయకూడదు. ఎక్కించేటప్పుడు కూడా అంతే. బోరులోకి దిగేటప్పుడు బయటి రింగునే నొక్కాలి, షాఫ్టు మీదికి ఎక్కేటప్పుడు లోపలి రింగునే నొక్కాలి. తలకిందులు చేస్తే కొత్త బేరింగు బండి ఎక్కకముందే చెడిపోతుంది. సుత్తితో కొట్టి దింపినవాటిని నేను లెక్కలేనన్ని చూశాను. ఇంకో మాట: బజారులో నకిలీ బేరింగులు ఉన్నాయి, పెట్టె, ముద్ర, అన్నీ అచ్చు అసలువే అనిపిస్తాయి. అధికారిక డీలరు దగ్గర బిల్లు తీసుకునే కొనండి. ఈ ఒక్క సామాను విషయంలో బేరమాడి తగ్గించుకున్న డబ్బు మిగులు కాదు.

బిగింపు అంటే ఎంత బిగిస్తే అంత మంచిదని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజుల్లో, నాకు ఇరవై ఏళ్లప్పుడు, ఒక జీపు ముందు హబ్బులో టేపర్ బేరింగులు మార్చమన్నాడు మా గురువు. ఆ జీపులో పద్ధతి వేరు. చక్రం తిప్పుతూ నట్టు బిగించాలి, చక్రం పట్టేసినట్టు అయ్యాక నట్టును ఆరో వంతు చుట్టు వెనక్కి వదలాలి. తర్వాత లాక్ వాషరు, రెండో నట్టు, వాషరు అంచు మడత. ఆ ఆరో వంతు నేను వదల్లేదు. గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను. జీపులో ఒక కుటుంబం నందిగామలో పెళ్లికి బయలుదేరింది. ఇబ్రహీంపట్నం దాటాక మాడిన గ్రీజు వాసన, పొగ, ఆపైన చక్రం తిరగడం మానేసింది. దేవుడి దయ, బండి నెమ్మదిగా పోతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. మేం వెళ్లేసరికి పట్టుచీరల్లో ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. పసిపిల్లాడు ఒకడు ఏడుస్తున్నాడు.

గురువు నన్ను తిట్టలేదు. ఉలితో కొట్టి ఆ బేరింగును స్టబ్బు మీది నుంచి ఊడదీసి, కిరసనాయిలులో కడిగి నా అరచేతిలో పెట్టాడు. ఉక్కు నీలం తిరిగి, నల్లబడి ఉంది. అంత వేడికి దాని గట్టిదనం పోయింది. "దీన్ని పారెయ్యకురా" అన్నాడు. పారెయ్యలేదు. ఈనాటికీ నా దగ్గరే ఉంది.

పోటీల్లో పిల్లలు ఈ మధ్య కంపెనీ నకిల్ వదిలేసి అల్యూమినియం దిమ్మ తెచ్చి సీఎన్‌సీ మీద సొంతంగా అప్‌రైట్లు చెక్కిస్తున్నారు. చూస్తే చేతిలోంచి దించబుద్ధి కాదు, అంత అందంగా ఉంటాయి. నేర్చుకోవడానికి అది గొప్ప దారే, నేను వద్దనను. కానీ అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 62 మిల్లీమీటర్ల బోరు ఉందనుకోండి. బ్రేకు వేడికి అది 60 డిగ్రీలు పెరిగితే, లోపలున్న ఉక్కు బేరింగు కంటే బోరు సుమారు 0.04 మిల్లీమీటర్లు ఎక్కువ పెద్దదవుతుంది. చల్లగా ఉన్నప్పుడు 0.02 బిగుతుతో దింపిన బేరింగు ఆ వేడిలో వదులై బోరులో తిరగడం మొదలుపెడుతుంది. ఒకసారి తిరిగిందంటే బోరు అరిగిపోయినట్టే. దానికి బిగుతు ఎక్కువ ఇవ్వాలి, లేదా ఉక్కు స్లీవు దింపాలి, బయటికి రాకుండా సర్‌క్లిప్పో రిటైనరు ప్లేటో పెట్టాలి. కంప్యూటర్లో బలం పరీక్ష చేశామని రంగుల బొమ్మ చూపిస్తారు పిల్లలు. ఆ బొమ్మలో వేడి ఉందా అని అడిగితే తలలు దించుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ ప్రశ్న వాళ్లను మాస్టార్లు అడిగి ఉండాల్సింది.

కంపెనీ నకిల్ వాడినా ఒక చిక్కు ఉంది. మారుతి నకిల్ పైన బాల్ జాయింటు ఉండదు, షాకప్ గొట్టానికి రెండు బోల్టులతో బిగుస్తుంది. పిల్లలు పైన కూడా ఆర్మ్ పెట్టాలనుకుని అక్కడ ఒక బ్రాకెట్టు చేసి వెల్డింగు కొడతారు. ఆ బ్రాకెట్టు మీద బ్రేకు బలం, మలుపు బలం రెండూ పడతాయి. పల్చటి రేకుతో చేసి, వెల్డు చివర పదునుగా వదిలేస్తే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. మందం పెట్టండి, మూలలు గుండ్రంగా చేయండి, పోత నకిల్ మీద నేరుగా వెల్డింగు చేయకండి. చక్రం డిస్కులు మార్చి టైరును బయటికి నెట్టినా బేరింగు మీద లెక్క మారిపోతుంది. స్టీరింగు కూడా గుంజుతుంది. కంపెనీ ఇచ్చిన రిమ్మే వాడండి.

ఇక చట్టం. మన దేశంలో ఇంట్లో చేసిన కారును రోడ్డు మీద తిప్పడానికి రిజిస్ట్రేషను దొరకడం చాలా కష్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులను కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చిన వాహనాలు కుదరవని చెప్పింది. బ్రిటన్‌లో అయితే 2009 నుంచి ఒక్క కారును ఒక్కటిగా పరీక్షించి అనుమతించే పద్ధతి నడుస్తోంది. ఇంట్లో చేసుకున్నవాడు బండి తీసుకెళ్తే తనిఖీ అధికారి దాన్ని కింద నుంచి పైదాకా చూస్తాడు. మన చట్టం మారాలా వద్దా అన్నది పెద్దవాళ్లు తేల్చాలి. నాకు తెలిసిన నిజం ఒకటుంది. అనుమతి లేకపోయినా తయారీ ఆగలేదు. కాలేజీ మైదానాల్లో, పొలం డొంకల్లో, ఊరి రోడ్ల మీద ఈ బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. పోటీలకు వెళ్లే బండ్లను అక్కడ సాంకేతిక తనిఖీ చేసి గానీ వదలరు. ఊళ్లో తిరిగే బండిని చూసేవాడు ఒక్కడూ లేడు.

అందుకని రెండు రాష్ట్రాల్లో మెకానికల్, ఆటోమొబైల్ విభాగాలున్న కాలేజీలను అడుగుతున్నాను. నెలకొక రోజు మీ వర్క్‌షాపు తలుపు ఊళ్లో బండ్లు చేసుకునే కుర్రాళ్లకు తెరవండి. జాకీ, డయల్ గేజి, ప్రెస్సు మీ దగ్గర ఉన్నాయి, ఎక్కువ రోజులు బీరువాలో ఉంటున్నాయి. రవాణా శాఖ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు ఒకరు ఆ రోజు వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది. కేసు రాయడానికి కాదు, చూసి చెప్పడానికి. కేసు భయం ఉంటే ఏ కుర్రాడూ రాడు. బండి చేసినవాడు కాకుండా వేరొకడు ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పన్నెండు–ఆరు దగ్గర పట్టుకుని ఊపి చూడాలి. చేసినవాడి చేతికి తన బండిలో ఊగిసలాట తెలియదు, తెలిసినా మనసు ఒప్పుకోదు. నా చేతికీ అంతే.

విలేకరులకు కూడా ఒక విన్నపం. ఆ కుర్రాళ్ల గురించి రాయడం మానకండి, వాళ్లు రాయదగినవాళ్లే. ఖర్చు, మైలేజీ రాసినచోటే ఇంకో వాక్యం చేర్చండి: ముందు చక్రాన్ని పట్టుకున్న నకిల్ ఏ కారుది, బేరింగు నంబరు ఎంత. జవాబు చెప్పగలిగిన కుర్రాడు బండి సరిగా చేసి ఉంటాడు. చెప్పలేనివాడు మీరు అడిగాకైనా వెళ్లి వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటే కావాలి నాకు.

నీలం తిరిగిన ఆ జీపు బేరింగు మా షాపు కిటికీ గూట్లో, దేవుడి పటం పక్కన ఉంది. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున తొమ్మిది నుంచి షాపు తీసే ఉంటుంది. బండి చేస్తున్న పిల్లలెవరైనా రావచ్చు. మీ నకిల్ కూడా వెంట తీసుకురండి, ఇద్దరం కలిసి చూద్దాం.